ఏ కార్డు ఆట మంచిదని అడిగే ముందు, మీ ఊళ్ళో ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూడండి

మా పెద్దాడి అలమర పై అరలో ఒక చెప్పుల పెట్టె ఉంది. అందులో చెప్పులు లేవు, యుగియో కార్డులున్నాయి. వాటి ఖరీదు సుమారు 260 డాలర్లు. మేం చేసిన పొరపాటు ఆ పెట్టెలో భద్రంగా ఉంది. ఈ మధ్య ట్రాయ్‌లో ఎవరింటికి వ్రతానికి వెళ్ళినా, పుట్టినరోజుకు వెళ్ళినా ఒకరిద్దరు తల్లులు నన్ను పక్కకు పిలిచి, "మీవాడు కార్డుల టోర్నమెంట్లకు వెళ్తాడట కదండీ, మావాడికి ఏ ఆట కొనిపెట్టమంటారు?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఇక్కడ రాస్తే నయమనిపించింది.

ముందు అసలు సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ట్రేడింగ్ కార్డ్ గేమ్ అంటే అందరికీ ఒకే పేక కట్ట ఉండే ఆట కాదు. వేల రకాల కార్డుల్లోంచి ఎవరి కట్ట వాళ్ళు కూర్చుకుని వచ్చి ఎదురెదురుగా ఆడతారు. ఆ కట్టనే డెక్ అంటారు. చిన్నప్పుడు మనం బడి దగ్గర కొట్లో కొనుక్కున్న రెజ్లింగ్ ట్రంప్ కార్డులకు ఇవి దూరపు చుట్టాలు. వీటిలో మొదటిది 1993లో వచ్చిన మ్యాజిక్: ది గ్యాదరింగ్. దాన్ని తయారుచేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితంలో డాక్టరేట్ చేసినాయన. పోకేమాన్ కార్డులు జపాన్‌లో 1996లో, అమెరికాలో 1999లో వచ్చాయి. యుగియో అమెరికాకు 2002లో వచ్చింది. ఈ మూడూ పాతికేళ్ళ పైబడి, దాదాపు పాతికేళ్ళుగా నిలబడి ఉన్న ఆటలు. కొత్తవాటిలో బండాయ్ వాళ్ళ వన్ పీస్ 2022లో, డిస్నీ బొమ్మలతో రావెన్స్‌బర్గర్ తెచ్చిన లోర్కానా 2023లో, స్టార్ వార్స్ అన్‌లిమిటెడ్ 2024లో వచ్చాయి. పిల్లలు ఇంకా పది పేర్లు చెబుతారు.

ఇక మా పొరపాటు. రెండేళ్ళ కిందట డల్లాస్‌లో ఉండే మా మరిదిగారింటికి వెళ్ళాం. వాళ్ళబ్బాయి యుగియో ఆడతాడు, బాగా ఆడతాడు. వారం రోజులు అన్నదమ్ములిద్దరూ నేల మీద కూర్చుని అదే లోకం. మావాడు అయిదో తరగతి. కొత్త బడిలో చేరి ఆరు నెలలైనా మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరి పక్కన కూర్చుంటున్నావంటే జవాబు చెప్పని పిల్లాడు. అలాంటివాడు గట్టిగా నవ్వుతుంటే మావారు ముచ్చటపడి, తిరిగి రాగానే ఒకే స్ట్రక్చర్ డెక్ మూడు పెట్టెలు కొన్నారు. యుగియోలో అది తెలివైన పనే. ఒకే కార్డు మూడు దాకా పెట్టుకోవచ్చు కాబట్టి మూడు పెట్టెలు కలిపితే మంచి డెక్ తయారవుతుంది. ఆ పైన విడి కార్డులు, తొడుగులు, ఆడే చాప. వారం వారం కొంచెం కొంచెం కొనడంలో మొత్తం ఎంతయిందో తెలియలేదు.

మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక కొట్టువాళ్ళు మంగళవారం సాయంత్రం యుగియో ఉందని బోర్డు పెట్టారు. మొదటి వారం ఆరుగురు వచ్చారు. మూడో వారం ముగ్గురు. అయిదో వారం మావాడొక్కడే. కొట్టతను మంచివాడు, కౌంటర్ వదిలి వచ్చి వాడితో ఒక ఆట ఆడాడు. తర్వాత నెల ఆ బోర్డు తీసేశారు. కారులో వాడు, "నేను బాగా ఆడటం లేదని వాళ్ళు రావడం లేదా అమ్మా?" అని అడిగాడు. ఆ ప్రశ్న విన్నాకే నేను ఈ విషయం మీద కూర్చున్నాను.

యుగియో చెడ్డ ఆట కాదు. డల్లాస్‌లో అది సరైన ఆట, మా వీధి చివర కొట్లో కాదు, అంతే. చదరంగమైతే కంప్యూటర్‌తోనో, ఎక్కడో ఉన్న మనిషితోనో ఆడినా అదే ఆట. ఇక్కడ డెక్, పోటీ, పాయింట్లు, స్నేహాలు అన్నీ మన ఇంటికి కారులో వెళ్ళగలిగే దూరంలో ఎవరున్నారన్న దాని మీదే నడుస్తాయి. మనం మాత్రం ఆ ఒక్కటీ చూడకుండా పెట్టె మీద బొమ్మ చూసి కొంటాం.

నేను చదివింది బీఎస్సీ, ఎం.పి.సి. ఉద్యోగం చెయ్యకపోయినా ప్రాక్టికల్ రికార్డు రాసిన చెయ్యి ఊరుకోదు కదా. ఒక నోటు పుస్తకం తీసి గీతలు కొట్టాను. నాలుగు వారాలు, అయిదు కొట్లు, ఒక్క కార్డూ కొనకూడదని నియమం. కొట్టువాళ్ళు ఫోన్లో చెప్పే సంఖ్య నమ్మకుండా స్వయంగా వెళ్ళి, బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టాను. వాళ్ళలో పదిహేనేళ్ళ లోపు పిల్లలెంతమంది, ఎన్ని గంటలకు మొదలై ఎన్నింటికి ముగిసింది, ఓడిపోయిన పిల్లాడితో పెద్దవాళ్ళు ఎలా మాట్లాడారు, ఇవన్నీ రాసుకున్నాను. చివరిది పట్టికలో పెట్టడం కష్టం. అయినా అదే ముఖ్యం.

నాకు కనబడింది ఇది. శుక్రవారం రాత్రి మ్యాజిక్‌కు అన్నిటికన్నా ఎక్కువ జనం, ఒకసారి 24 మంది. కానీ దాదాపు అందరూ పాతికేళ్ళు దాటినవాళ్ళు, ముగిసేసరికి రాత్రి పదకొండు. వన్ పీస్ బుధవారం, కాలేజీ పిల్లలు, మంచి హుషారు. అయితే మర్నాడు బడి. లోర్కానాకు తొమ్మిది మందే, అందులో రెండు కుటుంబాలు తల్లీ తండ్రీ పిల్లలతో సహా వచ్చాయి, అది నాకెంతో నచ్చింది. యుగియో ఉంది, బలంగానే ఉంది, కానీ మాకు నలభై నిమిషాల దూరంలో. జనవరిలో మంచు పడుతున్నప్పుడు ఐ-696 మీద నలభై నిమిషాలంటే గంటంపావు అని మిషిగన్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. పోకేమాన్ శనివారం మధ్యాహ్నం, ఇరవై మంది దాకా, అందులో ఏడుగురు పిల్లలు, సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి. మావాడి తెలుగు క్లాసు శనివారం ఉదయమే. ఒంటిగంటకు బయల్దేరితే సరిపోతుంది.

పోకేమాన్ అని తేల్చాం. మావాడు రెండు రోజులు మాట్లాడలేదు, అది చిన్నపిల్లల ఆట అని వాడి బాధ. ఒక్క టోర్నమెంట్ కూర్చున్నాక ఆ మాట అనలేదు.

ఇది మా లెక్క, మీది వేరుగా ఉంటుంది. ఆన్ ఆర్బర్‌లో ఉన్నవాళ్ళకు యూనివర్సిటీ పిల్లల వల్ల సంఖ్యలు మారిపోతాయి. అక్కడ వాల్ట్ ఆఫ్ మిడ్‌నైట్ 1996 నుంచి ఉన్న కొట్టు. లివోనియాలో ఆర్.ఐ.డబ్ల్యూ. హాబీస్ కూడా ఈ ప్రాంతంలో ఆడేవాళ్ళందరికీ తెలిసిన పేరు. ఏ రోజు ఏ ఆట అన్నది కొట్లు తరచూ మారుస్తుంటాయి కాబట్టి నా నోటు పుస్తకం మీకు పనికిరాదు, పద్ధతి పనికొస్తుంది. పోకేమాన్, మ్యాజిక్, యుగియో మూడింటి అధికారిక వెబ్‌సైట్లలోనూ మీ పిన్ కోడ్ కొడితే చుట్టుపక్కల కార్యక్రమాలు చూపిస్తాయి. మొదలు అక్కడ, తర్వాత స్వయంగా.

పిల్లల వయసు దగ్గర ఈ ఆటలకు పెద్ద తేడా ఉంది. పోకేమాన్‌లో జూనియర్, సీనియర్, మాస్టర్స్ అని మూడు విభాగాలు. పుట్టిన సంవత్సరాన్ని బట్టి విభజిస్తారు. 2026 సీజన్‌కు 2014లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళు జూనియర్లు, 2010 నుంచి 2013 దాకా సీనియర్లు, అంతకన్నా ముందు పుట్టినవాళ్ళంతా మాస్టర్స్. చిన్న కొట్లో జనం తక్కువైతే అందరినీ కలిపి ఆడిస్తారు గానీ, స్థానాలు మాత్రం విభాగాల వారీగా విడిగా లెక్కపెడతారు. యుగియోలో చిన్నపిల్లలకు డ్రాగన్ డ్యుయల్ అనే పోటీ ఉంది, కానీ అది పెద్ద ఈవెంట్లలో. మామూలు కొట్లో పదేళ్ళవాడు ముప్పయ్యేళ్ళవాడి ఎదుట కూర్చోవలసిందే. మ్యాజిక్ పెట్టె మీదే 13 ఏళ్ళ పైవాళ్ళకని రాసి ఉంటుంది. కార్డుల మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో చాలా ఉంటుంది, యుగియోలో ఇంకా ఎక్కువ. బాగా చదవగల పిల్లలకు అది అడ్డు కాదు, మంచిదే. మా చిన్నదానికి ఏడేళ్ళు, దానికి మాత్రం ఇప్పుడే వద్దనుకున్నాం.

డబ్బు సంగతి. ఇక్కడ కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో పోయేదంతా ఇక్కడే.

బూస్టర్ ప్యాకెట్ ఒక్కటి అయిదు డాలర్ల అటూఇటూ. పిల్లాడు అడిగిన కార్డు నూటికొక ప్యాకెట్లో వస్తుందనుకుందాం. వంద ప్యాకెట్లు కొంటే తప్పక వస్తుందని మనకనిపిస్తుంది. రాదు. వంద కొన్నా దొరకకపోయే అవకాశం దాదాపు 37 శాతం. రెండొందలు కొన్నా 13 శాతం. ఇది 0.99ని వందసార్లు హెచ్చవేస్తే వచ్చే లెక్క, ఇంటర్ పిల్లలు చెయ్యగలరు. అదే కార్డును విడిగా కొంటే దాని ధర ఎంతో అంతే. పైగా డెక్కులో పనిచేసేది కార్డు మీద రాసిన మాటలు, మెరుపు కాదు. అదే పేరు, అదే పని ఉన్న కార్డు మామూలు బొమ్మతో ఒక డాలరుకు, మెరిసే పెద్ద బొమ్మతో నలభై డాలర్లకు దొరకడం మామూలే. పోటీలో రెండూ ఒకటే. కాబట్టి ఆడే ఇంట్లో ప్యాకెట్లు పుట్టినరోజుకు, పండక్కి మాత్రమే. మిగతా రోజుల్లో విడి కార్డులే. కార్డులను ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించి ధర పెరుగుతుందని దాచుకోవడం వేరే సరదా, దాన్ని దీంతో కలపకండి.

తెనాలి నుంచి మా అత్తగారు వీడియో కాల్లో, "పిల్లాడికి పేకాట నేర్పుతున్నారా అమ్మా?" అని అడిగారు. ఆ మాట తేలిగ్గా తీసుకోవలసింది కాదు, ఆవిడ ఇళ్ళు ఆరిపోవడం చూసిన మనిషి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో మన సుప్రీంకోర్టు 1967లోనే అంది. ఆ వివాదం మాత్రం ఇంకా తెగలేదు, ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. ఈ కార్డు ఆటల్లో పందెం ఉండదు, ప్రవేశ రుసుం కట్టి ఆడతారు, గెలిస్తే ప్యాకెట్లో పాయింట్లో ఇస్తారు. అత్తగారికి అదే చెప్పాను. కానీ ఆవిడ భయం పూర్తిగా తప్పని మాత్రం చెప్పలేకపోయాను. బల్ల దగ్గర జూదం లేదు గానీ, ప్యాకెట్ చింపే ఆ క్షణంలో ఉంది. వాడి కళ్ళలో నేను చూశాను.

మొదటి డెక్ ఎంతవుతుంది? పోకేమాన్‌లో లీగ్ బ్యాటిల్ డెక్ అని ముప్పై డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. దానికి కొన్ని విడి కార్డులు చేరిస్తే కొట్టు స్థాయిలో సిగ్గుపడనక్కర్లేదు. డెక్కుకు 60 కార్డులు. యుగియో స్ట్రక్చర్ డెక్ చవకే, కానీ గెలిచే డెక్కులు ఒక్కోసారి చాలా దూరం పోతాయి. మ్యాజిక్‌లో ఏ పద్ధతి ఆడతారన్న దాన్ని బట్టి వందల నుంచి వెయ్యి డాలర్ల పైదాకా. అయితే మ్యాజిక్‌లోనే ఒక చక్కని దారి ఉంది. సీల్డ్ అనే పద్ధతిలో అక్కడికక్కడ ఆరు ప్యాకెట్లిస్తారు, అందరూ వాటిలోంచే 40 కార్డుల డెక్ కట్టి ఆడాలి. ఇంట్లో ఎంత సొమ్ముందన్నది అక్కడ లెక్కలోకి రాదు. కొత్త సెట్ వచ్చే ముందు జరిగే ప్రీరిలీజులు ఇలాగే ఉంటాయి, పోకేమాన్‌లోనూ ఉన్నాయి. అసలు ఆట నచ్చుతుందో లేదో చూడటానికి అంతకన్నా మంచి చోటు నాకు కనబడలేదు. మ్యాజిక్ కొట్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది కమాండర్. నలుగురు కూర్చుని వంద కార్డుల డెక్కులతో సరదాగా ఆడేది. పోటీ కోసం వెళ్ళేవాళ్ళు, ఆ గుంపును చూసి పోటీకి జనం ఉన్నారనుకోకండి.

డెక్ కొన్నాక ఎన్నాళ్ళు పనిచేస్తుందన్నది రెండో ఖర్చు. పోకేమాన్ కార్డు అడుగున చిన్న గడిలో ఒక అక్షరం ఉంటుంది. ప్రతి సంవత్సరం వసంతంలో ఒక పాత అక్షరం కార్డులను పోటీల్లోంచి తప్పిస్తారు. 2025 ఏప్రిల్‌లో ఎఫ్ పోయింది. మ్యాజిక్‌లో స్టాండర్డ్ పద్ధతికి ఇలాంటి నియమమే ఉంది. లోర్కానాలో 2025 నుంచి మొదలైంది. యుగియోలో ఇలా ఏడాదికోసారి తీసెయ్యరు, కానీ నిషేధించిన, పరిమితం చేసిన కార్డుల జాబితా మారుస్తుంటారు. నిన్నటి ఖరీదైన కార్డు ఈ రోజు జాబితాలోకి ఎక్కితే చేసేదేమీ లేదు. నా మటుకు నాకు తారీఖు తెలిసిన నష్టమే నయం. ఏప్రిల్‌లో పోయే కార్డులను జనవరిలోనే కొట్టుకు అమ్మేస్తాను.

కొత్త ఆటల గురించి కూడా ఒక మాట. చుట్టూ జనం ఉంటే కొత్త ఆట మంచిదే, అందరూ ఒకే గీత మీద మొదలవుతారు. కానీ 2012లో వచ్చిన కైజూడో 2014కల్లా ఆగిపోయింది. మెటాజూ 2024లో మూతపడింది. ఆట ఆగితే కార్డులు కాగితాలే. మా పట్టికలో లోర్కానా తొమ్మిది మంది దగ్గర నన్ను ఆపింది ఇదే. ఆ కుటుంబాలను చూసి మనసైతే అటే లాగింది.

బంధువులు ప్రేమతో తెచ్చే కార్డుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు బంగారు రంగులో మెరిసే పోకేమాన్ కార్డుల పెట్టె తేని మేనమామ లేడు. అవి నకిలీవి, బల్ల దగ్గర ఒక్కటీ చెల్లదు. టోక్యోలో ఉన్న మా స్నేహితురాలు పంపినవి అసలైనవే, కానీ అమెరికాలో పోకేమాన్ టోర్నమెంట్లలో జపాన్ భాష కార్డులు పెట్టనివ్వరు. యుగియోలోనూ అంతే. మ్యాజిక్‌లో మాత్రం ఏ భాషదైనా చెల్లుతుంది. ఇంకొకటి, ఫోన్లో పిల్లలాడే పోకేమాన్ టీసీజీ పాకెట్ ఈ ఆట కాదు. అందులో డెక్కుకు 20 కార్డులే, నియమాలు వేరు. బల్ల మీద ఆడే ఆటను ఉచితంగా నేర్చుకోవాలంటే టీసీజీ లైవ్ ఉంది. యుగియోకు మాస్టర్ డ్యుయల్, మ్యాజిక్‌కు అరీనా. ఏదైనా కొనే ముందు నెల రోజులు అందులో ఆడనివ్వండి.

టోర్నమెంట్ రోజు ఎలా ఉంటుందంటే, ఓడినా ఇంటికి పంపరు. స్విస్ పద్ధతిలో ప్రతి రౌండులోనూ దాదాపు సమానంగా గెలిచినవాళ్ళను జత చేస్తారు. ఎనిమిది మందికి మూడు రౌండ్లు, పదహారు వరకు నాలుగు, ముప్పై రెండు వరకు అయిదు. రౌండుకు 30 నుంచి 50 నిమిషాలు. అంటే ఇరవై మంది వస్తే మధ్యాహ్నమంతా పోతుంది. పెరుగన్నం డబ్బా, నీళ్ళు పట్టుకెళ్ళండి. మూడో రౌండులో మా పిల్లలు ఓడేది ఆట రాక కాదు, ఆకలేసి. పెద్ద పోటీల్లో డెక్కులోని 60 కార్డులూ రాసి ఇవ్వాలి. రాసినదానికీ డెక్కుకూ ఒక్క కార్డు తేడా వచ్చినా శిక్ష ఉంటుంది. తొడుగులన్నీ ఒకేలా ఉండాలి. ఒకదాని మూల నలిగినా గుర్తు పెట్టారనుకుంటారు. ఆటగాడి నంబరు కోసం పోకేమాన్ సైట్‌లో ఖాతా తెరవాలి, చిన్నపిల్లలకైతే తల్లో తండ్రో తెరవాలి.

అన్నిటికన్నా మన పిల్లలకు కష్టమైంది చెయ్యెత్తడం. ఆటలో సందేహం వస్తే చెయ్యెత్తి "జడ్జ్!" అని పిలవాలి. పోకేమాన్‌లో ఒక వంతుకు ఒకే సపోర్టర్ కార్డు వెయ్యాలి. మావాడి ఎదుట కూర్చున్న పెద్దాయన ఒకసారి పొరపాటున రెండు వేశాడు. వీడు చూశాడు, ఏమీ అనలేదు, ఆ ఆట ఓడిపోయాడు. ఎందుకు పిలవలేదురా అంటే, "అంకుల్ కదమ్మా" అన్నాడు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని నేర్పింది మేమే. ఆ వారమంతా ఇంట్లో సాధన చేశాం. నేను కావాలని తప్పు ఆట వేసేదాన్ని, వాడు చెయ్యెత్తాలి. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత నెలలో నిజంగా ఎత్తాడు. జడ్జ్ వచ్చి వాడిదే తప్పని చెప్పాడు. నియమం వీడికే సరిగా తెలియదు. ముఖం ఎర్రబడింది గానీ ఆట కొనసాగించాడు.

కొట్టు దాటాక మెట్లు ఇలా ఉంటాయి. పోకేమాన్‌లో లీగ్ ఛాలెంజ్, లీగ్ కప్ కొట్లలోనే. ఆపైన రీజనల్, ఇంటర్నేషనల్, వరల్డ్స్. వచ్చినవాళ్ళ సంఖ్య పెరిగేకొద్దీ పాయింట్లు కింది స్థానాల దాకా అందుతాయి, అందుకే ఖాళీ కొట్లో మొదటి స్థానం కన్నా నిండిన కొట్లో అయిదో స్థానం మేలు కావచ్చు. మ్యాజిక్‌లో కొట్టు స్థాయి అర్హత పోటీలు, రీజనల్ ఛాంపియన్‌షిప్, ప్రో టూర్. యుగియోలో రీజనల్స్, వై.సి.ఎస్. పోకేమాన్ వరల్డ్స్ 2025లో అనాహైమ్‌లో జరిగాయి, 2026కు శాన్‌ఫ్రాన్సిస్కో. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకు యూరప్ ఇంటర్నేషనల్ కొన్నేళ్ళుగా లండన్‌లోనే జరుగుతోంది.

ట్రాయ్ నుంచి చూస్తే రీజనల్స్ జరిగే ఊళ్ళు ఇండియానాపొలిస్, పిట్స్‌బర్గ్, మిల్వాకీ, లూయివిల్, టొరంటో. కారులో అయిదారు గంటలు, టొరంటో ఒక్కటే నాలుగు. టికెట్లు తెరిచిన నిమిషాల్లో అయిపోతాయి. హోటల్, పెట్రోలు కలిపితే డెక్ కన్నా ప్రయాణమే ఎక్కువవుతుంది. ఏ ఆట అని తేల్చే రోజునే ఈ పటం కూడా ముందు పెట్టుకోండి.

టొరంటో దగ్గర అని నేనూ సంబరపడ్డాను. వంతెన దాటితే విండ్సర్. కానీ మన ఇళ్ళలో ఒక్కొక్కరిదీ ఒక్కో కాగితం. ఇక్కడ పుట్టిన పిల్లాడికి అమెరికా పాస్‌పోర్టు, వాడికి వీసా అక్కర్లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఆ కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళొచ్చు. హెచ్-1, హెచ్-4 మీద భారత పాస్‌పోర్టుతో ఉన్న నాలాంటి వాళ్ళకు కెనడా విజిటర్ వీసా కావాలి. తిరిగొచ్చేటప్పుడు అమెరికా వీసా స్టాంపు గడువు దాటి ఉంటే, ముప్పై రోజుల లోపు కెనడా ప్రయాణాలకు ఒక మినహాయింపు ఉంది గానీ దానికి షరతులున్నాయి. లాయరును అడగకుండా సరిహద్దు దగ్గర పరీక్షించుకోవద్దు. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లాణ్ణి తీసుకెళితే రెండోవారు సంతకం చేసిన అనుమతి పత్రం వెంట ఉండాలి. ఇవన్నీ చూసుకుని ఆ సంవత్సరం టొరంటో మానేశాం. నాలుగు గంటల దూరం మాకు ఇండియానాపొలిస్ కన్నా దూరమైంది. ఒకవేళ పిల్లాడు నగదు బహుమతి గెలిస్తే అది పన్ను లెక్కలోకి వస్తుందని కూడా గుర్తుంచుకోండి. మాకింకా ఆ ఇబ్బంది రాలేదు.

ఇప్పుడెలా ఉందంటే, మావాడు 2013లో పుట్టాడు కాబట్టి ఈ సీజన్‌తో సీనియర్లలోకి వచ్చాడు. జూనియర్లలో మూడో స్థానం దాకా వచ్చినవాడు, సీనియర్‌గా ఆడిన మొదటి కప్‌లో నాలుగుకు నాలుగూ ఓడాడు. కారు ఎక్కి, వచ్చే శనివారం కొట్టు ఎన్నింటికి తీస్తారని అడిగాడు. శనివారాల్లో వాడి పక్కన కూర్చునే పిల్లలు ఇద్దరున్నారు, ఒకడు స్టెర్లింగ్ హైట్స్ నుంచి, ఒకడు మా బడివాడే. భోజనాల దగ్గర ఎవరి పక్కన కూర్చుంటున్నావని ఈ మధ్య నేను అడగడం లేదు.

చెప్పుల పెట్టె అమ్మేద్దామని మావారు రెండుసార్లన్నారు. వాడు ఒప్పుకోలేదు. డిసెంబరు సెలవులకు మా మరిదిగారి అబ్బాయి డల్లాస్ నుంచి వస్తున్నాడు. మొన్న రాత్రి చూస్తే పెట్టె పై అర నుంచి కిందికి దిగి మంచం పక్కన ఉంది.